ముడతపడని చొక్కా కుట్టినవాళ్లు

1962 ఆగస్టు. అమెరికాలో దక్షిణాన ఉన్న జార్జియా రాష్ట్రం. ఉదయం ఏడు కాకముందే ఎండ చుర్రుమంటోంది. ఇటుక గోడల చొక్కాల ఫ్యాక్టరీ ముందు కార్లు ఆగుతున్నాయి. ఒక్కో కారులోంచి నలుగురైదుగురు ఆడవాళ్లు దిగుతున్నారు. చేతుల్లో మధ్యాహ్నం తిండి సంచులు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల తల్లులు ఎండలో పత్తి తీసినవాళ్లు, వీళ్లు ఆ పత్తి బట్టను నీడపట్టున కుడుతున్నారు. పౌరహక్కుల చట్టం రావడానికి ఇంకా రెండేళ్లుంది కాబట్టి ఇక్కడి కుట్టు బల్లల ముందు దాదాపు అందరూ తెల్ల ఆడవాళ్లే. నల్లవాళ్లకు ఈ ఉద్యోగమూ దొరకదు. వాళ్ల వెనకే మీరూ లోపలికి రండి.

ముందు చెవులకు తెలుస్తుంది. వందల మిషన్లు ఒక్కసారి పరుగందుకుంటే పక్క మనిషి మాట పెదాలు చూసి పోల్చుకోవాల్సిందే. తర్వాత ముక్కుకు తెలుస్తుంది. దసరాకు బట్టల కొట్లో తాను విప్పి పరిచినప్పుడు గుప్పున వచ్చే వాసన మనకు తెలుసు. కొత్త బట్టల వాసన అంటూ ఇష్టంగా పీలుస్తాం కూడా. ఇక్కడి వాసన దానికంటే చాలా ఘాటు. ముక్కు లోపల గీరుతుంది, గొంతులో గరగర పెడుతుంది, కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది.

కటింగ్ సెక్షన్ దగ్గర కాసేపు ఆగండి. పొడవాటి బల్ల మీద బట్టను పొర మీద పొరగా పరుస్తున్నారు. కొత్త తాను చుట్టు విప్పిన మనిషి ముఖం పక్కకు తిప్పుకుంటాడు. గోదాములో రోజుల తరబడి చుట్టలో బిగిసి ఉన్న గాలి ఒక్కసారి బయటపడేది అప్పుడే. అతను ముఖం తిప్పుకోవడం ఎవరూ నేర్పింది కాదు, కళ్లే నేర్పాయి.

ఇప్పుడు కాలర్లు కుట్టే ఆమె పక్కన నిలబడండి. ఈమెకు నేను పేరు పెట్టడం లేదు. ఈ ఒక్క ఫ్యాక్టరీలోనే ఇలాంటివాళ్లు ఎందరో. ఆమెకు కుడివైపు ఒక కట్ట, అందులో కత్తిరించిన కాలరు ముక్కలు, కట్టకు ఒక చీటీ. ముక్క తీసి సూది కింద పెట్టి, మోకాలితో మీట నొక్కి, మూడు వైపులా కుట్టి, దారం తెంపి ఎడమవైపు పడేస్తుంది. కట్ట అయిపోగానే చీటీలోంచి తన వంతు తునక కత్తిరించి, జిగురు కాగితం మీద అంటిస్తుంది. ఎన్ని తునకలంటిస్తే అంత కూలి. గంటకు డాలరు 15 సెంట్లు చట్టం చెప్పిన కనీసం. అంతకు మించి వచ్చేదంతా ఆమె వేళ్ల వేగం. అందుకే ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తదు, ముఖాన్నే భుజానికి రుద్దుకుంటుంది.

ఆమె ముఖానికీ బట్టకూ మధ్య దూరం జానెడు. రోజంతా అదే దూరం. గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ బట్టలో ఏముందో చెప్పాలి. నూలు బట్ట ఉతికితే ముడత పడుతుంది. పత్తి పోగులోని సెల్యులోజ్ గొలుసులు తడిలో ఒకదాని మీదుగా ఒకటి జారి, ఆరేటప్పుడు జారిన చోటే నిలిచిపోతాయి. అవి జారకుండా ఉండాలంటే గొలుసుకూ గొలుసుకూ మధ్య నిచ్చెన మెట్లలాగా అడ్డ బంధాలు వెయ్యాలి. ఆ బంధాలు వేసేది యూరియా, ఫార్మాల్డిహైడ్ కలిపి చేసిన రెజిన్. బట్టను ఆ ద్రావణంలో ముంచి, పిండి, వేడి పొయ్యిల్లో కాలుస్తారు. న్యూ ఆర్లియన్స్‌లోని వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో రూత్ బెనెరిటో వంటి రసాయన శాస్త్రవేత్తలు ఈ బంధాలను మెరుగుపరచడానికి ఏళ్ల తరబడి పనిచేశారు. అప్పటికి నైలాను, పాలిస్టరు పత్తిని బజారు నుంచి తరిమేస్తున్నాయి. ఆ పరిశోధన పత్తి రైతును నిలబెట్టింది, ఇంట్లో ఆడవాళ్ల చేతిలోంచి ఇస్త్రీ పెట్టెను దించింది. అది చిన్న మేలు కాదు. వారానికి డజను చొక్కాలు ఇస్త్రీ చేసిన ఏ ఇల్లాలినైనా అడగండి. కానీ ఆ మేలుకు వెల ఇంకో ఆడమనిషి కట్టింది, కుట్టు బల్ల ముందు కూర్చుని. ఆ వెల ఎంతో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పొయ్యిలో కాలినా రెజిన్ మొత్తం బట్టకు అంటుకోదు. మిగిలిన ఫార్మాల్డిహైడ్ బట్టలోనే ఉండిపోయి మెల్లగా గాలిలోకి వదులుతుంది. వేడి, ఉక్క పెరిగితే అంటుకున్న బంధాలూ కొన్ని విడిపోయి ఇంకా వదులుతాయి. జార్జియా ఆగస్టులో వేడికీ ఉక్కకూ కొదవ లేదు. ఆఖరి సెక్షన్‌లో చొక్కాలను ఆవిరితో నొక్కే చోటికి వెళ్లి చూడండి. ప్రతిసారీ మూత లేచినప్పుడు తెల్లటి ఆవిరి పనివాళ్ల ఛాతీ మీదుగా పైకి పోతుంది.

భోజనం గంట కొట్టాక కొత్తగా చేరిన పిల్ల పక్కనున్న ఆమెను అడుగుతుంది, "అక్కా, నీ కళ్లూ మండుతున్నాయా?" జవాబు మీరు ఊహించగలరు: "నాలుగు రోజులు పోతే అలవాటైపోతుందిలే." అలవాటైపోతుంది, నిజమే. మధ్యాహ్నం మూడింటికల్లా మీకూ ఆ వాసన తెలియదు. గాలి మారలేదు, ముక్కే చెప్పడం మానేసింది.

ఇప్పుడు ఇరవై ఏళ్లు ముందుకు రండి.

మీరు నిలబడింది ఆసుపత్రి ల్యాబులో. మైక్రోస్కోపు కింద ఒక గాజు పలక, దాని మీద ఊదా రంగు పట్టించిన ఒక్క చుక్క రక్తం. కన్ను ఆనించి చూడండి. ఎర్రకణాలు పలచగా ఉన్నాయి. ప్లేట్‌లెట్లు వెతికితే గానీ కనబడవు. వాటి మధ్య పెద్ద పెద్ద కణాలు, లోపలంతా కేంద్రకమే. ఇవి పెరగాల్సిన చోట పెరక్కుండా, పసితనంలోనే ఎముకల మూలుగలోంచి బయటికొచ్చి నిండిపోయిన కణాలు. కొన్నిటి లోపల ఎర్రటి సన్నని కడ్డీలు. అవి కనబడితే డాక్టరు ఇక తటపటాయించడు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా.

ఈ రక్తం ఇచ్చిన మనిషికి ముందు వచ్చింది అలసట. తర్వాత పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. తర్వాత ఎక్కడా తగలకుండానే చేతుల మీద కమిలిన మచ్చలు, తగ్గని జ్వరం. ఆమె యవ్వనమంతా చొక్కాలు కుట్టిందా, బడిలో పాఠాలు చెప్పిందా? పలక మీద ఎక్కడా రాసి లేదు. ఎంత గొప్ప మైక్రోస్కోపు పెట్టినా కనబడదు. నూలు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తి కొన్నిసార్లు సోమవారం పనికి వెళ్లగానే బిగుసుకుని తన కథ తానే చెబుతుంది. రక్తం అలా చెప్పదు. పని మానేసిన పదేళ్లకో ఇరవై ఏళ్లకో జబ్బు చేస్తే, పనికీ జబ్బుకూ మధ్య దారి చెరిగిపోయి ఉంటుంది. ఆ దారి మళ్లీ గీయగలిగింది ఒక్కటే: ఎవరు, ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేశారో రాసిపెట్టిన కాగితం.

అందుకే మిమ్మల్ని ఇప్పుడు ఒహాయోలోని సిన్సినాటికి తీసుకెళ్తాను. కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ శాస్త్రవేత్తలు ఉన్న ఊరు అది. 1970 చట్టంతో పుట్టిన సంస్థ. ఘాటైన ఫార్మాల్డిహైడ్ గాలిలో పెంచిన ఎలుకలకు ముక్కులో క్యాన్సర్ వస్తోందని 1979లో బయటపడింది. మరి మనుషుల మాటేమిటి? రోజంతా ఈ గాలిని జానెడు దూరం నుంచి పీల్చేవాళ్లు ఎవరు? నియోష్ వాళ్ల చూపు చొక్కాల ఫ్యాక్టరీల మీద పడింది.

జార్జియా, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లోని మూడు ఫ్యాక్టరీల సిబ్బంది రికార్డులు తీసుకున్నారు. పేరు, పుట్టిన తేదీ, చేరిన రోజు, మానిన రోజు, ఏ సెక్షన్. ఈ గాలిలో మూడు నెలలైనా పనిచేసినవాళ్లు 11,039 మంది తేలారు. నూటికి 80 మందికి పైగా ఆడవాళ్లు. 1980ల మొదట్లో ఆ ఫ్యాక్టరీల గాలిని కొలిచారు. సగటున పది లక్షల పాళ్ల గాలికి 0.15 పాలు ఫార్మాల్డిహైడ్. అప్పటికి అమెరికా చట్టం 3 పాళ్ల దాకా ఫరవాలేదంటోంది. అంటే చట్టం లెక్కన ఈ గాలి శుభ్రంగా ఉన్నట్టే. 1962లో మనం చూసిన గాలి ఎలా ఉండేదో ఎవరూ కొలవలేదు. అప్పటి రెజిన్లు వదిలే పాలు చాలా ఎక్కువ కాబట్టి ఘాటూ ఎక్కువే ఉండి ఉండాలి.

ఆ తర్వాత చేసిన పని చెప్పడానికి ఒక్క వాక్యం, చేయడానికి ఏళ్లు. 11,039 పేర్లలో ఎవరు బతికున్నారు, ఎవరు పోయారు, పోయినవాళ్లు దేనితో పోయారు అని 1998 దాకా వెతికారు. మరణ ధ్రువపత్రం మీద ఏ జబ్బు పేరుందో చూసి, ఈ లెక్కను అమెరికా మొత్తం జనాభా లెక్కతో పోల్చారు.

వాళ్లు ముక్కు క్యాన్సర్ కోసం వెతుకుతూ మొదలుపెట్టారు. అది వీళ్లలో కనబడలేదు. లెక్కల్లో తల ఎత్తింది రక్తం జబ్బు. మైలాయిడ్ లుకేమియాతో 15 మంది పోయారు. మామూలు జనం లెక్కన పది మందికి కాస్త పైగా పోవాల్సిన చోట. పదేళ్లూ అంతకుపైగా ఆ బల్లల ముందు కూర్చున్నవాళ్లలో ఈ మరణాలు రెండు రెట్లు దాటాయి. 2004లో అచ్చయిన ఈ అధ్యయనాన్ని నేను పెద్ద చేసి చెప్పను. సంఖ్యలు చిన్నవి, యాదృచ్ఛికమేమో అన్న అనుమానానికి చోటుంది, రాసినవాళ్లే ఆ మాట దాచలేదు. కానీ ఒక మాట వాళ్లూ అన్నారు, నేనూ నమ్ముతున్నాను. కుట్టు ఫ్యాక్టరీలో లుకేమియా తెచ్చే వేరే రసాయనాలు పెద్దగా లేవు. ఉన్నది బట్ట, బట్టలోని రెజిన్, రెజిన్ వదిలే గాలి.

దీనికి తోడు వేరే రుజువులు వచ్చాయి. ఫార్మాల్డిహైడ్ తయారుచేసే, వాడే పరిశ్రమల్లోని 25 వేల మందికి పైగా కార్మికుల లెక్కలు, శవాలను ఆ ద్రావణంతో భద్రపరిచేవాళ్ల లెక్కలు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఫార్మాల్డిహైడ్ లుకేమియా తెస్తుందనడానికి చాలినంత రుజువుందని తేల్చింది. ఆ బల్ల చుట్టూ కూర్చున్న శాస్త్రవేత్తల్లో స్వల్ప ఆధిక్యంతోనే. అడ్డు చెప్పినవాళ్ల ప్రశ్న న్యాయమైనదే: ముక్కు దగ్గరే కరిగి తగులుకునే ఈ వాయువు ఎముకల్లోని మూలుగ దాకా ఎలా చేరుతుంది? ఆ ప్రశ్న మీద ఇప్పటికీ వాదం నడుస్తోంది. 2011లో అమెరికా ప్రభుత్వం కూడా దాన్ని మనుషులకు క్యాన్సర్ తెస్తుందని తెలిసిన పదార్థాల జాబితాలో చేర్చింది. చట్టం పరిమితి 3 నుంచి 1987లో 1కి, 1992లో 0.75కి దిగింది. 1980లలో కొలిస్తే 0.15 ఉన్న ఫ్యాక్టరీల్లో పనిచేసి పోయిన ఆ 15 మంది గురించి ఆలోచిస్తే 0.75 తక్కువేమీ కాదు.

ఇంకొక్క చోటికి వెళ్లి వద్దాం, త్వరగానే. 1970లు, ఇస్తాంబుల్. ఇరుకు గదుల్లో చెప్పులు, సంచులు అతికే పిల్లలు, పెద్దలు. తలుపులు మూసి ఉన్నాయి, జిగురు డబ్బా మూత తీసి ఉంది. జిగురులో బెంజీన్ అనే ద్రావకం. ఊరి ఆసుపత్రిలో ముజఫర్ అక్సోయ్ అనే రక్త వైద్యుడికి ఒకే రకం రోగులు వరుసగా వస్తున్నారు. ఆయన ప్రతి ఒక్కరినీ పని అడిగాడు. పని గదుల గాలి సంగతి పట్టించుకున్నాడు. 28,500 మంది చెప్పుల కార్మికుల్లో 26 మందికి లుకేమియానో దాని ముందు దశనో వచ్చిందని 1974లో రాశాడు. మామూలు జనంలో వచ్చేదానికి రెండింతలకు పైగా. 1969 నుంచి బెంజీన్ జిగురును క్రమంగా మాన్పించారు. కొన్నేళ్లకు ఆయన దగ్గరికి వచ్చే రోగులూ తగ్గిపోయారు. బెంజీన్ విషయంలో వాదానికి తావు లేదు. అది కాలేయంలో మారి, మూలుగలో ఇంకా మారి, రక్తం పుట్టే కణాలనే కాలుస్తుంది. అక్కడ రుజువు ఇంత తొందరగా దొరకడానికి కారణం, డాక్టరు పని గురించి అడగడమే.

ఇక మన వైపు రండి. ఉదయం ఆరున్నర. సిరిసిల్ల, హిందూపురం, అచ్యుతాపురం, ఏదైనా అనుకోండి. కంపెనీ బస్సు ఆగింది. జడలో పూలు, చేతిలో క్యారియర్, మెడలో ఐడీ కార్డు. మడకశిర వైపు పిల్లలైతే బెంగళూరు చేరి అక్కడే హాస్టళ్లలో ఉంటున్నారు. లైను, టార్గెట్, చెకింగ్, ఐరనింగ్, ప్యాకింగ్: సెక్షన్లు మారలేదు. మిషన్లు మారాయి, రెజిన్లు మారాయి. బట్టలో మిగిలే ఫార్మాల్డిహైడ్ 1960ల కంటే బాగా తగ్గింది. దానికి కారణం చాలావరకు తొడుక్కునేవాళ్ల మీద శ్రద్ధ. జపాన్ 1973లోనే చంటిపిల్లల బట్టల్లో అది దాదాపు ఉండకూడదని చట్టం చేసింది. యూరప్ 2020 నుంచి కిలో బట్టకు 75 మిల్లీగ్రాములు దాటనివ్వడం లేదు. కొనేవాడి చర్మం కోసం పెట్టిన హద్దులు కుట్టేవాళ్ల ముక్కునూ కొంత కాపాడాయి. కానీ ఏ బట్ట ఎక్కడికి పోతుందో దాన్ని బట్టి హద్దు. ఇక్కడే కుట్టి ఇక్కడే అమ్మే బట్టకు ఆ కాపలా లేదు.

చెకింగ్ బల్ల దగ్గర నిలబడండి. తెల్ల చొక్కా మీద నూనె మరక. అమ్మాయి చిన్న గన్ తీసి మరక మీద ద్రావకం చిమ్ముతుంది, ఊదుతుంది, మళ్లీ చిమ్ముతుంది. చిన్న యూనిట్లలో అది థిన్నరు కావచ్చు, ఒక్కోసారి పెట్రోలే. మన పెట్రోలులో నూటికి ఒక పాలు దాకా బెంజీన్ ఉండనిస్తారు. ఆ అమ్మాయికి చేతి తొడుగు లేదు, గాలి లాగే ఫ్యాను లేదు. ముఖానికీ మరకకూ దూరం ఎంతో మీకు తెలుసు.

కొన్నాళ్లకు ఈ పిల్ల "ఊరికే అలుపొస్తోంది సార్" అంటూ డాక్టరు దగ్గరికి వెళ్తుంది. కింది కనురెప్ప లాగి చూస్తారు. రక్తం తక్కువైంది, ఐరన్ మాత్రలు వాడమ్మా అంటారు. ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్న మన దేశంలో ఆ మాట చాలావరకు సరైనదే. అందుకే ప్రమాదం. నిజంగా మూలుగ దెబ్బతిన్న ఒక్క మనిషి ఆ వందల మందిలో కలిసిపోతుంది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా పడిపోతున్నాయా అని ఒక్క పూర్తి రక్త పరీక్ష రాస్తే, ఏం పని చేస్తావమ్మా అని ఒక్క మాట అడిగితే, ఆమె విడిగా కనబడుతుంది.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. 1948 కర్మాగారాల చట్టం మూడో షెడ్యూలులో అధికారులకు తెలియజేయాల్సిన జబ్బులు 29 ఉండేవి. బెంజీన్ విషం, విషపూరిత రక్తహీనత, వృత్తి వల్ల వచ్చే క్యాన్సర్ అందులో ఉండేవి. ఫ్యాక్టరీ కార్మికుడిలో అలాంటి జబ్బు ఉందని నమ్మిన డాక్టరు ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి వెంటనే రాసి పంపాలి. ఇది దయ కాదు, విధి. అయితే ఆ పిల్ల కాంట్రాక్టరు మనిషిగా చేరి, ఎనిమిది నెలలకు మానేసి, ఇంకో యూనిట్‌లో ఇంకో కాంట్రాక్టరు కింద చేరితే, ఇరవై ఏళ్ల తర్వాత ఆమె ఎక్కడ ఏం పీల్చిందో ఏ రికార్డులో వెతకాలి? జార్జియా ఆడవాళ్ల కథ మనకు తెలిసిందంటే వాళ్ల పేర్లు హాజరు కాగితాల మీద నిలిచి ఉండటం వల్లే. మన అమ్మాయిల పేర్లు ఏడాది తిరక్కుండానే కంప్యూటర్లోంచి పోతున్నాయి. జబ్బు లేదని మనం నిబ్బరంగా చెప్పుకునే చోట అసలు లేనిది లెక్క.

కాబట్టి మీ ఇంట్లోనో పక్కింట్లోనో గార్మెంట్స్‌కు, అద్దకానికి, ప్రింటింగ్‌కు వెళ్లేవాళ్లుంటే ఒక పని చేయండి. పాత ఐడీ కార్డులు, పేస్లిప్పులు, ఈఎస్ఐ నంబరు పారేయనివ్వకండి, ఒక సంచిలో దాచిపెట్టించండి. ఏ సెక్షన్‌లో ఎన్నాళ్లు చేశారో ఒక నోటుబుక్కులో రాయించండి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు అడగకపోయినా ఆ మాట చెప్పమనండి. డాక్టర్లకు నా విన్నపం ఇంకా చిన్నది. అలసట, చిగుళ్ల రక్తం, కమిలిన మచ్చలతో మీ ముందు కూర్చున్న మనిషి కేసు షీటులో ఒక్క లైను చేర్చండి: ఏం పని, ఎక్కడ, ఎన్నేళ్లు.